ఎవరి తట్ట వారిదే

"మీ అమ్మని ఇవాళ్టి నుంచి పనికి రావద్దన్నాం" అన్నాడు జయరామయ్య, బల్ల మీది కాగితాన్ని పుష్పకుమారి వైపు తిప్పుతూ. "నీ పద్ధతి ప్రకారమేనమ్మా."

నెల్లూరు నుంచి పొద్దుటి ప్యాసింజరులో గూడూరులో దిగి, తను రాసిచ్చిన పద్ధతి ఎలా నడుస్తోందో చూద్దామని, ఇంటికైనా పోకుండా తిన్నగా ఆఫీసుకే వచ్చింది పుష్పకుమారి. కాగితం చూసింది. జయరామయ్య మైకా షెడ్డులో పనిచేసే ఆడవాళ్ల పేర్లు, ఒక్కొక్కరి పేరుకెదురుగా వాళ్లు చీల్చిన రేకుల తూకం. ఆ గడులు గీసింది తనే. అట్టడుగున అమ్మ పేరు, ఎస్తేరమ్మ. నిన్న చేరిన పిల్లకైనా అంతకంటే మంచి తూకం వస్తుంది.

ఆమె నెల్లూరులో హాస్టల్లో ఉండి బి.కాం. ఆఖరి సంవత్సరం చదువుతోంది. ఏదైనా ఒక కంపెనీకి పోయి, కింద జరిగే పని సమాచారం పైనున్న యజమానికి ఎలా చేరుతుందో చూసి రాయమని లెక్చరరు చెప్పినప్పుడు, అమ్మ పనిచేసే చోటునే ఎంచుకుంది. ఆ షెడ్డులో నలుగురేసి ఆడవాళ్లు ఒక వరసలో కూర్చుంటారు. వరస మొత్తం చీల్చి, మచ్చలున్నవి ఏరేసిన రేకుల్ని ఒక్క కుప్పగా తూచి ఆఫీసుకు చెప్పేవారు. ఎవరెంత చేశారో జయరామయ్యకు ఏనాడూ తెలిసేది కాదు. ఎవరి తట్ట వారిదిగా తూచి, ఏ రోజు లెక్క ఆ రోజే యజమాని బల్ల మీదికి రావాలని పుష్పకుమారి రాసింది. లెక్చరరు దాన్ని తరగతిలో చదివి వినిపించాడు. జయరామయ్య ఏకంగా అమల్లోనే పెట్టేశాడు.

అమ్మ చేతి పనితనం ఎలాంటిదో ఈ చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరంది పుష్పకుమారి. కత్తి మొన ఆనిస్తే చాలు, మైకా దిమ్మ ఉల్లిపొరల్లా విడివడుతుందంది. జయరామయ్య కాదనలేదు. తనూ చూశానన్నాడు. కానీ ఇప్పుడామె తట్టలో మంచి రేకూ మచ్చ రేకూ కలగలిసి వస్తున్నాయట, సగానికి సగం తీసి పారెయ్యాల్సి వస్తోందట.

"మొహం చూడొద్దు, లెక్క చూడండని రాసింది నువ్వే గదా" అన్నాడు. ఆ గొంతులో ఎగతాళి లేదు. పరీక్షలు కాగానే ఈ లెక్కలు చూసే ఉద్యోగం ఆమెకే ఇస్తానని కూడా అన్నాడు.

పుష్పకుమారి తను రాసిన దాంట్లో తప్పెక్కడుందో వెతుక్కుంది. పద్ధతిలో తప్పు లేదు. ఉంటే గింటే, లెక్క పంపే మనిషిలోనే ఉండాలి. తలుపు దగ్గర తువ్వాలు చేతబట్టుకుని నిలబడ్డ షెడ్డు మేస్త్రీ మస్తానయ్య వైపు తిరిగింది. చిన్నప్పుడు ఆమెను భుజాన ఎక్కించుకుని తిరునాళ్లు చూపించినవాడు.

"మా అమ్మ రేకులు ఎవురి తట్టలోకి పోతన్నాయి మామా?"

మస్తానయ్య తలెత్తలేదు. "ఇంతటితో పోనీమ్మా" అన్నాడు.

ఆ మాటతో ఆమె అనుమానం కాస్తా రూఢి అయిపోయింది. చెప్పేవాడు అబద్ధం చెబితే ఎంత మంచి పద్ధతైనా ఏం చేస్తుందని జయరామయ్యను అడిగింది. చదివిందంతా నోటికొచ్చింది, ఆగకుండా మాట్లాడింది. జయరామయ్య అంతా విని, నిజమేనా అని మేస్త్రీని అడిగాడు.

"తట్టలు మార్పించిన మాట నిజమేనయ్యా. కుదిరినప్పుడల్లా ఎస్తేరమ్మ వరసలో ఆ నలుగురి మధ్యనే మార్పించినా" అన్నాడు మస్తానయ్య. ఎందుకని అడిగితే తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

షెడ్డు తాళాలు బల్ల మీద పెట్టి వెళ్లిపొమ్మన్నాడు జయరామయ్య. మస్తానయ్య తాళాలు పెట్టి, తువ్వాలు భుజాన వేసుకుని, పుష్పకుమారి వైపు చూడకుండానే మెట్లు దిగిపోయాడు.

"రేపు పొద్దున మీ అమ్మని రమ్మను. నా ఎదటే రేకులు చీల్చి వేరుచేస్తే, ఆమె పని ఆమెదే" అన్నాడు జయరామయ్య.

ఆమె షెడ్డు మీదుగా బయటికి నడిచింది. కత్తుల చప్పుడు ఆగిపోయింది. అమ్మ వరసలోని ముగ్గురూ తలలు వంచుకున్నారు. మేస్త్రీ చేసిన మోసం ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగితే, పక్కింటి మగ్దలీనమ్మ పమిటతో కళ్లొత్తుకుంది. "ఇంటికి పో బిడ్డా" అని మాత్రం అంది.

గెలిచి వస్తున్నట్టు లేదు పుష్పకుమారికి. ఆడవాళ్లు గంజి తాగడానికి ఇళ్లకు పోయే వేళ. స్టేషను వెనక పాలెంలో ఎండ ఫెళ్లున కాస్తోంది. అమ్మ గుమ్మం ముందు గోడకానుకుని కూర్చుని ఉంది. పనిలేని చేతులు ఒళ్లో వెల్లకిలా పడున్నాయి. ఆ చేతుల్ని చూడగానే పుష్పకుమారికి దుఃఖం పొంగుకొచ్చింది. చెప్పులు విడిచి, అమ్మకెదురుగా, మోకాళ్లు తగిలేంత దగ్గరగా కూర్చుంది. అమ్మ ముఖంలోకి చూసింది. అమ్మ కూడా ఆమె ముఖంలోకే చూసింది.

"మగ్దలీనక్కా, నువ్వేనా?" అంది ఎస్తేరమ్మ, చెయ్యి చాచి తడుముతూ. "నాకు చూపు పోయిన సంగతి పుష్పకి మాత్రం చెప్పబాకక్కా. పిల్లకి పరీక్షలు దగ్గరికొచ్చినాయి."