అటక మీది టేపులు

"గీ టేపులు నాకియ్యరాదు సారూ!" అన్నాడు కురుమయ్య.

కంప్యూటర్ ఆపరేటర్ కృష్ణకాంత్ ఉలిక్కిపడ్డాడు.

మండలాఫీసు అటక ఖాళీ చేస్తున్నారు. పాత కంప్యూటర్లన్నీ ఆలేరు స్క్రాప్ వ్యాపారి ఆటోలో వేసుకుపోయాడు. ఒక్క అట్టపెట్టెను మాత్రం ముట్టలేదు. "ఇనుము గాదు, రాగి గాదు, ఏం జేస్కోను?" అన్నాడు. అందులో ఉన్నవి బ్యాకప్ టేపులు. ఒకప్పుడు మండలంలోని భూముల వివరాలన్నీ వాటిలోకి ఎక్కించి దాచేవారు. వాటిని చదివే మిషను ఎన్నడో పాడైంది.

"నీకెందుకివి?"

"నా చేనుకు కావలి సారూ."

కృష్ణకాంత్ అట్టపెట్టెను కాలితో వెనక్కి నెట్టాడు. కురుమయ్య దున్నుకునే చేను ఇప్పుడు కంప్యూటర్లో కురుమయ్య పేరున లేదు. కొత్త కంప్యూటర్లోకి ఎక్కించేటప్పుడు కృష్ణకాంతే దాన్ని తన బామ్మర్ది పేరున కొట్టేశాడు. అప్పటినుంచి ముసలాయన గొర్రెలను కోడలికి అప్పజెప్పి ఆఫీసు మెట్లెక్కుతూనే ఉన్నాడు. "పైనుంచి రావాలె" అని కృష్ణకాంత్ తిప్పుతూనే ఉన్నాడు. పాత టేపులో మాత్రం అసలు పేరే ఉంటుంది, పట్నంలో ఎక్కడైనా దాన్ని చదివించవచ్చు.

గొర్రెలు కాసే మనిషికి ఈ సంగతి ఎవరు చెప్పారు? లాయరా? పేపరోళ్లా?

"అవి పనికిరావు. కాలబెడ్తున్నం."

"అయ్యో, పనికిరాకేంది! మొన్న గీ అండాలు ఒకటిచ్చింది గద. మస్తు పనిజేసింది."

అటెండర్ అండాలు చీపురు పట్టుకుని నవ్వింది. ఓహో, దీని పనా ఇది! ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా?

"ఏం పనిజేసింది?"

"పెట్టెల దాస్తే ఏం ఫాయిదా సారూ? బయటికి గుంజాలె. ఇన్నొద్దులు నా చేను తేరగ తిన్న దొంగలు గిప్పుడు దడుసుకుంటున్నరు."

ముసలోడు మొహం మీదే అంటున్నాడు! కృష్ణకాంత్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఇంకెవరన్న చూసిన్రా?"

"ఊరంత జూసింది. పక్కూరోళ్లు గూడ అడుగుతున్నరు."

ఇక లాభం లేదు. దిద్దుబాటు కాగితం కృష్ణకాంతే రాశాడు. తహసీల్దార్ మేడమ్ ముందు తానే నిలబడి, "పాత పొరపాటు మేడమ్" అని నసిగి సంతకం చేయించాడు. పొద్దుగూకేలోపు ముద్ర పడిన పహాణీ నకలు తెచ్చి కురుమయ్య చేతిలో పెట్టాడు.

"ఇగో, నీ చేను నీ పేరు మీదికొచ్చింది. ఇంక ఆ టేపు సంగతి మర్చిపోవాలె తాతా. నీకు దండం పెడ్త."

కురుమయ్య ఆ కాగితాన్ని కళ్లకద్దుకున్నాడు. కండువాతో మొహం తుడుచుకుని అట్టపెట్టె వైపు చూశాడు.

"గదెట్ల మర్సిపోత సారూ, గా టేపు గుంజి కట్టిన దిక్కు గాలికది బర్రుమని వొర్రుతాంటే జొన్న కంకి మీద ఒక్క చిలుక వాలుతలేదు, మిగిలినయి గూడ ఇస్తే చేను సుట్టు కట్టుకుంట!"