ఆకుపచ్చ ఫిన్

రంపం, చిత్రిక, గరుకు కాగితం పట్టి నేనే చెక్కుకున్న తొమ్మిదడుగుల సర్ఫ్ బోర్డును బోర్లా పడుకోబెట్టి, తోక దగ్గర చుక్కానిలా నిలిచే ఫిన్‌ను జిగురుతో అతికించాను. ఒకటే ఫిన్. ఆకుపచ్చది.

"పక్కన ఇంకో రెండు పెట్టరా, పట్టు ఉంటుంది," అన్నాడు పక్కింటి ఓయో బాబాయి, లవంగం సిగరెట్టు ముట్టించి గోడ దిగుతూ.

"పట్టెందుకు బాబాయ్? ఒంటి ఫిన్ అయితే అల మీద పెళ్ళికొడుకులా నింపాదిగా వెళ్తాను."

అప్పుడు చూశాడు రంగు. సిగరెట్టు పారేశాడు.

మా జావా దక్షిణ తీరంలో ఆకుపచ్చ అంటే సముద్రపు రాణిగారి రంగు. ఆ రంగు వేసుకుని నీళ్ళలో దిగినవాణ్ణి ఆవిడ తన దగ్గరే ఉంచేసుకుంటుందంటారు. భౌతికశాస్త్ర పట్టభద్రుణ్ణి కనుక గంభీరంగా వాదించాను. "నిషేధం బట్టలకే బాబాయ్. పైగా ఫిన్ నీళ్ళ కింద ఉంటుంది. ఎవరు చూస్తారు?"

"ఆవిడ ఉండేది కిందే కదరా వెధవా!"

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"ఎక్కడిదిది?"

"పొద్దున ఒడ్డుకి కొట్టుకొచ్చింది. సరిగ్గా నా కాళ్ళ దగ్గరికే."

బాబాయి వంగి, ఫిన్ అంచున ఉన్న చిన్న నొక్కును బొటనవేలితో తడిమాడు.

"నా ఉలి జారిన నొక్కు ఇది. నిరుడు మా జాజాంగ్‌కి నేనే చేసిచ్చాను. ఈ రంగొద్దు నాన్నా అని వాడు భయపడ్డాడు. కిందెవరు చూస్తారులే అని నేనే నవ్వాను."

ఆ ఫిన్‌తో అలల మీదికి వెళ్ళిన జాజాంగ్ తిరిగి రాలేదు. బోర్డు మర్నాడు దొరికింది, ఫిన్ లేకుండా. వాడు ఇప్పటికీ దొరకలేదు.

గబగబా ఫిన్ ఊడబెరకబోయాను. సాయంత్రానికి గాని బిగియని జిగురు, అప్పటికే రాయైపోయింది.