శనివారం పడవ

"రేపు ఒక్కరోజే ఉంది మాకు. పొద్దున పోయి సాయంత్రానికి రావాలి. ఏది చూస్తే బావుంటుంది పెద్దమ్మగారూ?"

అడిగింది దేశం దక్షిణ కొస నుంచి వచ్చిన కొత్త దంపతులు. పడవ స్టాక్‌హోమ్ రేవు వదిలి అరగంటయింది. పక్కన కూర్చున్న ముసలావిడ సోల్వెయ్ ఒళ్ళోని బుట్ట సర్దుకుంది.

"బండలమీద పాతరాతలు చూడాలంటే సిగ్టునా పొండి. రాజుగారి తోట కావాలంటే ద్రొట్నింగ్‌హోల్మ్. ఏమీ చూడకుండా హాయిగా కూర్చోవాలంటే మళ్ళీ పడవెక్కండి."

తాడు చుడుతున్న యోరన్ నవ్వాడు. ఈ వేసవిలోనే పడవపనికి వచ్చిన నడివయసు మనిషి.

"ఆవిడ మాట నమ్మకండి. మే నెల నుంచీ ప్రతి శనివారం వస్తోంది. ఒక్క దీవిలో కాలు పెడితే ఒట్టు. చివరిదాకా పోయి ఇదే పడవలో ఇంటికి!"

"నీ తాడు నువ్వు చూసుకోరా. పోయిన వారం రేవుకి కట్టబోయి నీ కాలికే కట్టుకున్నావు."

"బుట్టలో ఏంటి పెద్దమ్మా?"

"యాలకుల రొట్టెలు. కాఫీ."

"కప్పులు రెండున్నాయేం?"

"ఒకటి పగిలితే ఇంకోటి ఉంటుందని."

ఆగస్టు చివరి పొగమంచు నీళ్ళమీద మీగడలా కదులుతోంది. బూడిదరంగు బండలు ఒక్కొక్కటే నిద్రలోంచి లేచి, పడవని చూసి, మళ్ళీ పడుకుంటున్నాయి. రెండు దీవుల మధ్య ఇరుకు దగ్గర పడవ కూత వేసింది. అవతల నుంచి ఇంకో కూత బదులు పలికింది. పట్నం వైపు పోయే పడవ అది. రెండు పడవల్లోని జనమూ అలవాటు ప్రకారం చేతులూపుకున్నారు. సోల్వెయ్ కూడా లేచి ఊపింది. కళ్ళలో శుక్లాలు. మొహాలు ఆనవు, రంగులే ఆనుతాయి. ఒక నీలం కోటు, ఒక పచ్చ గొడుగు, ఒక ఎర్ర టోపీ. పడవలు దాటిపోయాక కూడా ఎర్ర టోపీ చెయ్యి దించలేదు.

"మీకు తెలిసినావిడా?" అన్నాడు యోరన్.

"పడవల్లో అందరూ తెలిసినవాళ్ళేరా. నేల మీదే చిక్కంతా."

తరవాత రాబోయేది ఆల్‌హోల్మ దీవి. సోల్వెయ్ ఆ వైపు తిరిగి కూర్చుంది.

ఈ దీవుల్లో ప్రతి రేవుకీ ఒక స్తంభం, దానికో గుండ్రటి తెల్లరేకు ఉంటాయి. పడవ ఆగాలంటే రేవులో ఉన్నవాళ్ళు రేకు ఎత్తాలి. ఆల్‌హోల్మలో సోల్వెయ్ అక్క దాగ్నీ ఉంటుంది. నాలుగేళ్ళ కిందట ఏప్రిల్ ఆఖరు రోజున, చలికాలాన్ని సాగనంపే మంటలో నాన్న పడవని వేసేసింది దాగ్నీ. పుచ్చిపోయిందిలే అంది. చెల్లెల్ని మాటవరసకైనా అడగలేదు. ఆ మంట ముందే ఇద్దరికీ మాటామాటా పెరిగింది.

"నువ్వు రేకెత్తి పిలిస్తే తప్ప నీ రేవులో దిగను!" అంది సోల్వెయ్.

"పట్నంలో నీ ఇంటి కిటికీ తెరిచి నువ్వు పిలిస్తే తప్ప నీ మెట్లెక్కను!" అంది దాగ్నీ.

చెల్లెలికి ఎనభై ఒకటి, అక్కకి ఎనభై నాలుగు. ఆల్‌హోల్మకి పడవ ఉండేది వేసవి శనివారాల్లోనే. ఇదే ఆఖరి శనివారం. మళ్ళీ మే నెలదాకా లేదు. మే నెలకి ఎవరుంటారో, ఎవరు పోతారో.

మంచులోంచి స్తంభం పైకి తేలింది. రేకు దించే ఉంది. వెనక ఇంటి కిటికీలకి తెరలు వేసి ఉన్నాయి.

"ఎత్తలేదు," అంది సోల్వెయ్, తనలో తను.

"దిగేవాళ్ళకి రేకుతో పనేంటి పెద్దమ్మా? నోటితో చెబితే చాలుగా."

"ఆ నోరే నాలుగేళ్ళుగా పెగలడం లేదు."

స్తంభం పక్కకి వచ్చింది. దాటబోతోంది. సోల్వెయ్ రెండు చేతులతో బుట్ట పట్టుకుని లేచింది.

"ఆపమను!"

రేవు చెక్కలు ఆవిడ కాళ్ళ కింద కిర్రుమన్నాయి. దారి చివర, అక్క ఇంటి తలుపుకి చీపురు అడ్డంగా ఆనించి ఉంది. ఇంట్లో ఎవరూ లేరన్నమాట. రేవు అంచున ఒకాయన గాలం వేసుకుని కూర్చున్నాడు.

"అయ్యా, దాగ్నీ... ఉందా?"

"ఉండకేం? గుండ్రాయిలా ఉంది. శనివారాలు మాత్రం దొరకదమ్మా. పొద్దున్నే పట్నం పడవెక్కి సాయంత్రానికి తిరిగొస్తుంది. మే నుంచీ ఇదే వరస."

"పట్నంలో ఏం పని?"

"ఎవరికి చెబుతుంది! ఏం చూసొచ్చావని అడిగితే, 'ఇవాళా తెరవలేదు' అంటుంది. ఏ అంగడి కోసమో ఏమో."

సోల్వెయ్ బుట్టని మెల్లగా కింద పెట్టింది. కప్పులు రెండూ ఒకదానికొకటి తగిలి మోగాయి.

"మీకు ఎదురొచ్చే ఉండాలే," అన్నాడాయన గాలం పైకి లాగుతూ. "ఎర్ర టోపీ పెట్టుకుంటుంది."