పర్వాలేదన్న మాట

"ఎలా ఉందిప్పుడు?" అని అడిగాడు డాక్టరు.

"పర్వాలేదండీ," అంది కండక్టరు.

ఆయన మళ్లీ అవే గ్యాసు మాత్రలు రాసి గంట నొక్కాడు.

బయటికొచ్చి ఆమె వరండాలో బెంచీ మీద కూలబడింది. కడుపులో మెలిపెడుతోంది. నెలల తరబడి ఇదే వరస. తిన్నది ఒంటబట్టదు. బస్సు సగం దారిలో ఉండగా పొట్ట ఉరుముతుంది. ఏ స్టాపు వెనక నీళ్లున్న మరుగుదొడ్డి ఉందో, దేని తలుపుకి గడియ పడదో ఆమెకు కంఠతా వచ్చు.

"మళ్లీ కడుపునొప్పేనా, బడి ఎగ్గొట్టే పిల్లల్లాగా," అని డిపోలో కంట్రోలరు నలుగురి ముందూ నవ్వాడు. ఇంకోసారి దారిలో బస్సు ఆపించి దిగితే డ్యూటీ పీకేస్తానన్నాడు.

అత్తగారు గాలి తిరుగుతోందంది. భర్త, ఎక్కువ ఆలోచిస్తావు నువ్వు అన్నాడు.

"పర్వాలేదా?" అంది పక్కనుంచి ఒక గొంతు.

ఒక పెద్దావిడ. అంత ఉక్కలోనూ స్వెట్టరు వేసుకుంది. అది ఇంకెవరి కొలతకో అల్లినట్టు భుజాల మీంచి జారిపోతోంది. ఎప్పుడొచ్చినా ఈ బెంచీ మీదే ఉంటుంది, వచ్చేపోయేవాళ్లని పలకరిస్తూ. ఇందాక కూడా ఎవరితోనో తన నంబరు చీటీ వెనక నంబరుకి మార్చుకుంటోంది. కబుర్లకి ఇంకాస్త సేపు దొరుకుతుందని కాబోలు, ఇంట్లో పొద్దుపోదేమో అనుకుంది కండక్టరు.

"తలుపు సందులోంచి అన్నీ వినపడతాయి. నువ్వు పర్వాలేదంటావు, తగ్గిపోయిందని ఆయన రాసుకుంటాడు. నువ్వు మర్యాదకి అన్నావని ఆయనకేం తెలుసు?"

"పెద్దవాళ్లు అడిగితే నోటికి అదే వస్తుందండీ."

"వస్తే మింగెయ్. అసలేమవుతోందో నాకు చెప్పు."

కండక్టరు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "రెండోదానికి... మాటిమాటికీ..."

"ఒకటోదీ రెండోదీ ఏమిటి, లెక్కల క్లాసా? రక్తం పడుతోందా?"

వరండా అంతా ఇటు తిరిగింది. ఎవరో కిసుక్కుమన్నారు. కండక్టరుకి సిగ్గుతో చచ్చినంత పనైంది. ఈవిడకి మతి లేదనుకుని లేవబోయింది. పెద్దావిడ చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"పడుతోందా లేదా?"

"పడుతోంది."

"ఆయనకి చెప్పావా?"

"ఎలా చెప్తానండీ, మా తమ్ముడి వయసాయన."

"తమ్ముడైతే ఇంకా గట్టిగా చెప్పు. ఒకసారి నీ బస్సెక్కాను నేను. ముందుకు జరగండి అని నువ్వొక్క కేక వేస్తే, మా వెనకున్న లారీ కూడా జరిగింది. ఆ గొంతు ఇంట్లో పెట్టొచ్చావా?"

కండక్టరుకి నవ్వొచ్చింది. నవ్వి ఎన్నాళ్లయిందో.

నర్సు తలుపు తీసింది. "ఆఖరి నంబరు ఎవరిది? త్వరగా రండి. డాక్టరుగారు రేపట్నుంచి సెలవు, మళ్లీ వచ్చే నెలే."

పెద్దావిడ తన చీటీ తీసి కండక్టరు అరచేతిలో పెట్టింది.

"మళ్లీ వెళ్లు."

"మరి మీరు?"

"నాకేం, పర్వాలేదు."

కండక్టరు లోపలికెళ్లింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మళ్లీ ఏంటమ్మా?"

"ఇందాక పర్వాలేదన్నాను. అబద్ధం." ఊపిరి పీల్చుకుంది. "విరేచనాల్లో రక్తం పడుతోంది. జిగురు పడుతోంది. నిద్రలోంచి నొప్పి లేపుతోంది. కట్టిన బట్ట నడుం మీద నిలవడం లేదు."

డాక్టరు తలెత్తాడు. "టెన్షన్ ఎక్కువైనా ఒక్కోసారి..."

"టెన్షన్ ఉందండీ, బస్సు మధ్యలో దిగి పరిగెత్తాల్సొస్తుందేమోనని. కడుపునొప్పి ముందెక్కింది, టెన్షన్ తర్వాతి స్టాపులో ఎక్కింది. ఎవరెక్కడెక్కారో చూసుకోవడమే నా ఉద్యోగం."

ఆయన కలం ఆగింది.

"లోపల కెమెరా పెట్టి చూస్తారట. ఆ పరీక్ష రాయండి. రాసేదాకా ఈ బస్సు కదలదు."

రాశాడు.

ఆమె బయటికొచ్చేసరికి బెంచీ ఖాళీగా ఉంది.

పరీక్షలో పెద్దపేగు నిండా పుండ్లు కనిపించాయి. జబ్బుకి పేరుంది. మందూ ఉంది. కండక్టరు ఆ కాగితం తీసుకెళ్లి డిపోలో బల్ల మీద పెట్టింది. "బడి ఎగ్గొట్టిన పిల్ల చీటీ తెచ్చిందండీ." కంట్రోలరు ఈసారి నవ్వలేదు.

మరుసటి నెల ఆసుపత్రికి వెళ్తూ ఒక స్వెట్టరు కొంది, చిన్న కొలతది.

బెంచీ మీద పెద్దావిడ లేదు. ఆ చోట తాపీ మేస్త్రీ ఒకాయన పొట్ట పట్టుకుని కూర్చున్నాడు. ఎలా ఉందని నర్సు అడిగితే, "పర్వాలేదండీ," అన్నాడు.

"పర్వాలేదనేవాళ్లు పొట్టెందుకు పట్టుకుంటారన్నయ్యా?" అంది కండక్టరు, బస్సు గొంతుతోనే.

నర్సు నవ్వింది. "అచ్చం స్వెట్టరు పెద్దమ్మలాగే అన్నారు."

"ఆవిడ కోసమే వచ్చాను. ఇవాళ రాలేదా?"

నర్సు నవ్వు ఆగిపోయింది. "పోయిందమ్మా. మీకు చీటీ ఇచ్చిన కొద్ది రోజులకే."

లోపల గంట మోగింది. మేస్త్రీ ఒళ్లు కూడదీసుకుని, "నాకు పర్వాలేదమ్మా, మీరు ముందెళ్లండి," అన్నాడు.

"కుదరదు. ముందుకు జరగండి."

ఆయన జరిగాడు. తలుపు మూసుకునేదాకా కండక్టరు నిలబడే ఉంది. స్వెట్టరు పొట్లం రెండు చేతులా పట్టుకుంది.

"ఆ రోజు దేనికొచ్చింది ఆవిడ?"

"నొప్పి మందుకమ్మా. పొట్టలో గడ్డే, తెలిసేసరికే ముదిరిపోయింది. తట్టుకోలేక తలుపు తీయకముందే వచ్చి కూర్చుంది," అంది నర్సు. "ఆ రోజు మొదటి నంబరు ఆవిడదే."