గోడ మీద లోవలక్ష్మి

మధ్యాహ్నం నిద్ర నుంచి మంగరాజు ఆవేళ కొంచెం ముందే లేచాడు. కిటికీలోంచి చూస్తే పెళ్ళాం పెరటి గోడ మీద నిలబడి ఉంది.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. లోవలక్ష్మే. కొంగు నడుముకి బిగించి, దోటీతో మునక్కాడలు లాగుతోంది. గోడ అవతల పక్కింటి కొండలమ్మ ఏరుకుంటోంది.

"సాలొదినా, దిగిపో బేగి. అన్నయ్య సూసాడంటే కొంప ములిగిపోద్ది."

"ఆయనిప్పుడే లేవడు. లేచినా అనుమానపడే రకం కాదులే. రెండేళ్ళబట్టి నమ్ముతున్నాడు, పాపం."

అంటూనే లోవలక్ష్మి గోడ మీంచి కిందికి గెంతింది. పదేళ్ళ పిల్ల గెంతినట్టు గెంతింది.

మంగరాజుకి ఒళ్ళు మండిపోయింది.

రెండేళ్ళ కిందట తన భుజం పట్టేస్తే ఇద్దరూ కలిసి నర్సీపట్నం వెళ్ళారు. డాక్టరు భుజం చూశాడు. నడుం నొప్పి చూపించుకోవాలని లోవలక్ష్మి లోపలే ఉండిపోయింది. ఎంతకీ రాలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో చెప్పింది.

"మీ భుజానికేటీ లేదంట. నాకే పార్కిన్సన్స్ అంట. కాళ్ళు ఉన్నచోటే అతుక్కుపోతాయంట. ఎముకలు గుల్లయిపోతాయంట. పడితే తుంటి ఇరిగి ఇంక మంచమేనంట. ఎప్పుడూ ఒకళ్ళ సెయ్యి పట్టుకునే నడవాలంట."

మంగరాజు మొండివాడు. వయసు మీద పడుతోందని ఆమె చేతికర్ర కొని తెస్తే పొయ్యిలో పెట్టినవాడు. అలాంటి మనిషి ఆమె కోసం ఏం చెయ్యలేదు? వడ్రంగిని పిలిచి గడపలు కోయించాడు. నున్నటి బండలు పీకించి గరుకువి వేయించాడు. ఆమె వెనక కూర్చోలేదని స్కూటర్ అమ్మేశాడు. ఆమెని వదిలి వెళ్ళలేక చెరుకు తోట కౌలుకిచ్చేశాడు. పొద్దుటి ఎండలో ఒక్కతే కూర్చోనంటే పక్కన కూర్చున్నాడు. బిళ్ళలు ఒక్కతే మింగనని మొండికేస్తే, తోడుగా తనూ బలం బిళ్ళలు మింగాడు. ఆమెతో నడిచీ నడిచీ తన అడుగులు కూడా చిన్నవైపోయాయి.

చెయ్యీ చెయ్యీ పట్టుకుని తమ ఊరు బలిఘట్టం వీధిలో నడుస్తుంటే కుర్రాళ్ళు "ఏటి తాతా, కొత్త పెళ్ళికొడుకా?" అని నవ్వారు. అదీ భరించాడు.

అంతా నాటకం!

గోడ పట్టుకుంటూ వసారాలోకి వచ్చాడు. "ఏటే ఇది?"

లోవలక్ష్మి చేతిలో దోటీ జారిపోయింది. ఆమె అతని వైపు పరుగెత్తుకొచ్చింది. ఆ పరుగు చూస్తే అతనికి ఇంకా కాలింది.

"లగెత్తుతున్నావా? ఇంకా లగెత్తు! గోడలెక్కే ఎముకలేనేటే నీ గుల్ల ఎముకలు?"

"ఆగండి, మెట్లు దిగకండి. ముందు నా సెయ్యి పట్టుకోండి, తరవాత ఎన్నయినా తిట్టండి."

"థూ! నా తోట పోయింది. నా బండి పోయింది. నాసేత ఊడిగం సేయించుకోడానికి లేని జబ్బు తెచ్చుకున్నావు. ఇంక సచ్చినా నీ సెయ్యి ముట్టను."

"కొట్టండి, పడతాను. సెయ్యి మాత్రం..."

ఆమె చాచిన చేతిని విసిరికొట్టాడు. మెట్టు దిగబోయాడు. కాలు లేవలేదు. ఒళ్ళు మాత్రం ముందుకి వెళ్ళిపోయింది.

నర్సీపట్నం ఆసుపత్రిలో ఎక్స్‌రే గదిలోంచి అతన్ని స్ట్రెచర్ మీద బయటికి తెచ్చారు. తుంటి విరిగింది. లోవలక్ష్మి తలాపున నిలబడి చెయ్యి పట్టుకోబోయింది. మంగరాజు లాక్కున్నాడు.

"కట్టుకున్నదానివని నమ్మాను. దొంగదెబ్బ తీసావు. నీకూ నాకూ ఇంక మాటల్లేవు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. అతను మొహం గోడవైపు తిప్పుకున్నాడు.

రెండేళ్ళ కిందట చూసిన డాక్టరే ఎక్స్‌రే పట్టుకుని వచ్చాడు. స్ట్రెచర్ మీది మనిషిని, ఏడుస్తున్న ఆవిడని మార్చి మార్చి చూసి విసుక్కున్నాడు.

"పార్కిన్సన్స్ మీకు కాదు, ఆయనకని ఇప్పటికీ చెప్పలేదా అమ్మా?"