చావు కబురు

శనివారం పొద్దున్నే ఎవరో తలుపు దబదబా బాదారు.

జెరుషా తీసేసరికి ఎదురింటి లైలా నిలబడి ఉంది. కాళ్లకు చెప్పుల్లేవు. చేతిలో ఫోను ఉంది.

“పోయాడు! వాడు పోయాడు!”

“ఎవరు?”

“మా దేశాన్ని ముప్పై ఏళ్లుగా పీక్కుతింటున్నవాడు! అందరి ఫోన్లకూ అదే కబురు!”

లైలా ఆమెను వాటేసుకుని భోరున ఏడ్చింది. ఆ నియంత జైలు నుంచి తప్పించుకుని లైలా జర్మనీలోని ఈ లైప్‌జిగ్ చేరి ఆరేళ్లయింది. తల్లీ తమ్ముడూ అక్కడే ఉండిపోయారు. అలా ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చిన కుటుంబాలు ఆ వీధిలో పది దాకా ఉన్నాయి.

“స్తోత్రం ప్రభువా!” అంది జెరుషా.

“ఒకడు చస్తే స్తోత్రమేంటే?” లోపల్నుంచి భర్త ఆషర్ గొణిగాడు.

“అలాంటోడు చస్తే ఆ మాత్రం అనొచ్చులెండి.”

అందరూ సంబరాలకని మార్కెట్ స్క్వేర్‌కి బయల్దేరారు. జెరుషా గబగబా రవ్వకేసరి చేసి, డబ్బాలో పెట్టుకుని లైలాతో పాటు మెట్లు దిగింది.

కింద గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాచి ఇల్యాస్ నిలబడి ఉన్నాడు.

అరవై దాటిన మనిషి. కింది వాటాలో ఒక్కడే ఉంటాడు. లైలా వాళ్ల దేశంవాడే అయినా ఎవరితోనూ కలవడు. జెరుషా వచ్చిన కొత్తలో చిరునామా నమోదు చేసే ఆన్‌మెల్డుంగ్ కాగితాలు నింపడం రాక మెట్ల మీద కూర్చుంటే, ఆయనే వచ్చి ఓపిగ్గా నింపిపెట్టాడు.

“వెళ్లకండి. వాడు చావలేదు,” అన్నాడు ఇల్యాస్.

“మీకెవరు చెప్పారు?” అంది లైలా.

“ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ కబురు వదిలింది వాళ్లే. ఎవరు సంతోషిస్తారో చూడటానికి. ఇక్కడ మీ ముఖం కనిపిస్తే అక్కడ మీవాళ్ల తలుపు తడతారు.”

“అంత కచ్చితంగా ఎలా తెలుసు?”

ఇల్యాస్ చూపు తిప్పుకున్నాడు.

“చూశారా? వాడి మనిషే ఇతను!” మెట్ల మీద నుంచి ఎవరో అరిచారు.

లైలా ముఖం ఎర్రబడింది. “వాడు చస్తే నీకెందుకయ్యా అంత బాధ?”

ఇల్యాస్ జెరుషా వైపు తిరిగాడు. “అమ్మా, నువ్వైనా చెప్పు. నీ మాట వింటుంది.”

“తప్పుకోండి. మీరెవరి మనిషో తెలిశాక మీతో మాటలేంటి?” అంది జెరుషా.

ఆయన చేతులు దించేశాడు.

స్క్వేర్ నిండా జెండాలు, పాటలు, డప్పులు. డబ్బాలో కేసరి చిటికెలో అయిపోయింది. లైలా జుట్టు విరబోసుకుని పిచ్చిదానిలా ఆడింది. జెరుషా ఆ ఆటంతా ఫోన్‌లో తీసి అక్కడికక్కడే నెట్‌లో పెట్టేసింది.

ఇల్యాస్ అక్కడికీ వచ్చాడు. జనం మధ్య తిరుగుతూ, ఫోన్లకు చేతులు అడ్డం పెడుతూ, “ముఖాలు కప్పుకోండి! కప్పుకోండి!” అని అరిచాడు.

ఎవరో తోశారు. రాళ్ల మీద బోర్లా పడ్డాడు. కళ్లజోడు ఎగిరిపోయింది. నేల మీద చేత్తో తడుముకుంటున్నాడు.

జెరుషా ఒక అడుగు ముందుకు వేసింది.

“వెళ్లకు,” అంది లైలా.

ఆగిపోయింది.

సాయంత్రం ఆరింటికి లైలా ఇంట్లో అందరూ టీవీ చుట్టూ చేరారు.

తెర మీద వాడు. నిక్షేపంగా ఉన్నాడు. నవ్వుతున్నాడు.

“నా కోసం ఏడ్చినవాళ్లకు కృతజ్ఞతలు. నవ్వినవాళ్లను గుర్తుపెట్టుకున్నాం,” అన్నాడు.

గదిలో ఒక పసివాడు ఇంకా జెండా ఊపుతున్నాడు. తల్లి ఆ జెండా లాక్కుంది.

ఆదివారం మధ్యాహ్నం లైలా తల్లి ఫోన్ చేసింది. తమ్ముణ్ణి పట్టుకుపోయారు. పట్టుకుపోయేముందు తల్లికి ఒక వీడియో చూపించారు. “నీ కూతురు ఎంత బాగా ఆడుతోందో చూసుకో,” అన్నారు.

అది జెరుషా తీసిన వీడియో.

వెంటనే దాన్ని నెట్ నుంచి తీసేసింది. అప్పటికే నలభై వేలమంది చూశారు.

ఆ రాత్రి ఆమె అన్నం ముట్టలేదు. ఆషర్ వచ్చి పక్కన కూర్చున్నాడు.

సోమవారం ఆఫీసు నుంచి వస్తూనే తిన్నగా కింది వాటా దగ్గరకు వెళ్లింది. ఏమని మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూనే వచ్చింది.

తలుపు తెరిచే ఉంది. గది ఖాళీగా ఉంది. ఉత్త నేల మీద గోడకు ఆనుకుని లైలా కూర్చుని ఉంది.

“ఆయనేరీ?”

“పొద్దున్నే వెళ్లిపోయారు. ఎక్కడికో ఎవరికీ చెప్పలేదు.”

“క్షమించమని అడుగుదామని...”

“నిన్న నేనూ అదే అడిగాను. కాళ్లు పట్టుకోబోయాను. వెనక్కి జరిగిపోయారు. ‘ఆ మాట వినడానికి నేను తగను’ అన్నారు. వాళ్ల ఎత్తు తనకెలా తెలుసో అప్పుడు చెప్పారు.”

జెరుషా పక్కనే కూలబడింది.

“ఎలా?”

“ఇరవై రెండేళ్ల కిందట మా సరిహద్దులో ఒక చిన్న ఊళ్లో, వాడు చచ్చాడని రేడియోలో చెప్పించారట. ఊరు ఊరంతా వీధుల్లోకి వచ్చిందట. తెల్లారేసరికి సగంమంది లేరట. బతికినవాళ్ల నోళ్లు నొక్కేశారు. ఇన్నేళ్లూ మాకెవరికీ తెలియనే తెలియదు.”

“ఆయన అప్పుడు ఆ ఊళ్లోనే ఉన్నారా?”

“ఆ రేడియోలో వార్తలు చదివేది ఆయనే. కాగితం చేతికిచ్చి చదవమన్నారట, చదివారట. ‘మా నాన్న అబద్ధం చెప్పడు’ అంటూ, అందరికంటే ముందు వీధిలోకి పరుగెత్తింది ఆయన కూతురేనట.”