తరంగ్ ఒడ్డుకొస్తాడా?

"తరంగ్‌ని చంపారంటే నేను మీతో మాట్లాడను."

సుహాసిని లాప్‌టాప్ మూత దించేసింది. ఫణీంద్ర వేళ్లు మధ్యలో ఇరుక్కున్నాయి.

"నా వేళ్లు సుహా! ముందు ఇవి చస్తాయి."

పెళ్లై నలభై రోజులు. వాళ్ల మొదటి పెద్ద తగువు ఇదే. ఫణీంద్ర ఒక ఫోన్ యాప్‌కి రాస్తున్న ఆడియో సీరియల్‌లో హీరో తరంగ్. అలల్ని ఆపగలడు. పోయిన భాగంలో తుపానులో చిక్కిన పడవలన్నిటినీ ఒడ్డుకు తోసి, తను మునిగిపోయాడు. ఆఖరి భాగం సాయంత్రం ఆరింటికల్లా పంపాలి.

"ఇప్పుడు విషాద ముగింపులే నిలబడతాయి. ఎగిరొచ్చి అందర్నీ నవ్వించే హీరోని చిన్నపిల్లలు కూడా నమ్మట్లేదు."

"నేను నమ్ముతాను. బయటి ఏడుపులు చాలవా? కథలోనైనా ఒక్కడు బతికి రాకూడదా?"

అంటూనే బందరు లడ్డూ మొత్తం అతని నోట్లో కుక్కింది. నోరు నిండినవాడు ఏం వాదిస్తాడు? నవ్వుతూ ఆఖరి పేజీ తిరగరాశాడు. తరంగ్ అలల మీద నడిచి ఒడ్డుకొచ్చేశాడు. సుహాసిని చప్పట్లు కొట్టింది.

అప్పుడే గేటు చప్పుడైంది. ఒక ముసలామె ఖాళీ చేపల గంప బయటే దించి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"మా ఇంట్లో చేపలు తినరండీ" అంది సుహాసిని.

"అమ్మడానికి రాలేదమ్మా. నా పేరు పాపాయమ్మ. దివిసీమ నుంచి పొద్దున్నే బస్సెక్కాను. తరంగ్ కథ రాసే బాబు బందరేనని ఫోన్లో చెప్తారుగా? బజార్లో మీ ఇల్లు అడుగుతా వచ్చాను. బాబూ, ఆ అబ్బాయి ఏమవుతాడు?"

సుహాసిని ఆగలేకపోయింది. "బతికే వస్తాడు! ఇప్పుడే రాశారు."

పాపాయమ్మ గుమ్మంలోనే కూలబడింది.

"వద్దు బాబూ. చంపెయ్. నీకు దణ్ణం పెడతాను."

"చూశావా?" ఫణీంద్ర భార్య వైపు గర్వంగా చూశాడు. "జనానికి ఏం కావాలో నాకు తెలుసు."

"ఎందుకు పాపాయమ్మ గారూ?" సుహాసినికి కోపం వచ్చింది. "అతను మీకేం చేశాడు?"

"మూడేళ్ల కింద మా వాసు వేటకెళ్లి మళ్లీ రాలేదమ్మా. శవం కూడా దొరకలేదు. నా కోడలు కుమారి కర్మ చెయ్యనివ్వదు, తాళి తియ్యదు. మీ తరంగ్ మునిగిన కాడ్నించీ ఒకటే మాట, ఆయనొస్తే మా ఆయనా వస్తాడంటది. రోజూ పొద్దుగూకే వేళకి ఎదురెళ్తానని సముద్రంలోకి దిగుతాంది."

ఫణీంద్ర ముఖంలో నవ్వు పోయింది.

"ఎంత లోతుకి?" అంది సుహాసిని.

"మొదట్లో మోకాళ్లదాకా అమ్మా. నిన్న..."

పాపాయమ్మ చెయ్యెత్తి, గడ్డం కింద ఆనించి చూపించింది.